నా భర్తను నడిపించిన దారిలోనే బాపా యోపీని నడిపించాలని

జిల్లా మత్స్యశాఖ అధికారి గారి సముఖమునకు,
వాయ్‌లేసి గ్రామం, సముద్రపు కాపలాదారు ఎలియాస్ సహునా భార్య దోర్సీ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మూసిన సముద్రంలో వేటాడించిన సంఘపెద్ద బాపా యోపీకి తమరిచ్చిన 'ఆదర్శ మత్స్యకారుడు' ఫలకాన్ని అతని మెడలోనే వేలాడదీసి, వచ్చే అమావాస్యలోపు ఊరంతా నడిపించుట గురించి.

1. నేను తమ శాఖ తరఫున చేపలు కొలిచి వ్రాసే మనిషిని. పదకొండేళ్లుగా ప్రతి ఉదయం ఒడ్డున నిలబడి, వచ్చిన గరోపా చేపలను తమరిచ్చిన కొలబద్దపై పెట్టి పుస్తకంలో ఎక్కిస్తున్నాను. మొదటి ఏడాది మామూలు చేప నా మోచేతి నుంచి వేలి కొస దాటేది. నిరుడు మణికట్టు దాటలేదు. గరోపా ఆడదిగా పుట్టి, బాగా ఎదిగాక మగదవుతుందని శిక్షణలో తమరే చెప్పారు. ఎదిగినవన్నీ పోయాయి. ఇక మగవి ఎక్కడివో తమరే సెలవివ్వాలి.

2. అయినా తమ నివేదికలో "ఈ తీరమున గరోపా వృద్ధి చెందుచున్నది" అని ఉంది. దానికి ఆధారం బాపా యోపీ పడవ నిండటమే. ఏడాదికి మూడు అమావాస్యలు ఆ చేపలు గుడ్లు పెట్టడానికి పగడపు దిబ్బ నోటి దగ్గర గుమిగూడతాయి. ఆ రోజుల్లో మేము చర్చిలో ప్రార్థన చేసి, కొబ్బరాకు కట్టి, వేట మూసి, ససి అనే కట్టుబాటు పెడతాము. అతని మనుషులు సరిగ్గా అప్పుడే గాలి గొట్టాలు నోట కరచుకుని దిగుతారు. పెళ్లి పందిట్లో తలలు లెక్కపెట్టి ఊరి జనాభా పెరిగిందన్నట్టుంది తమ నివేదిక.

3. నిరుడు ససి రోజున మా ఆయన వాళ్లను తరిమాడు. వాళ్లు వదిలేసిన ఒక గరోపాను సాక్ష్యానికి ఒడ్డుకు తెచ్చాడు. అక్కడ బాపా యోపీ నిలబడి ఉన్నాడు.

"ఏంటి ఎలియాసూ, కాపలా కాస్తున్నావా, కూర వెతుక్కుంటున్నావా?"

"నీ మనుషులు పారేసి పోయిందే బాపా. చూపిద్దామని తెచ్చా."

"చేప నీ చేతిలో ఉంటే దొంగతనం నా మీద పెడతావేంటయ్యా? ససిలో చేప ఎవడి చేతిలో ఉంటే వాడే దొంగ. పంతొమ్మిదేళ్లుగా అందరికీ నువ్వే కదా చెబుతోంది!"

కట్టుబాటు అదే. అందుకే మా ఆయన మెడ వంచాడు. ఆ చేపను మెడలో కట్టి, ముందు డప్పు కొడుతూ, గడప గడపకూ "నేను ససిని మింగిన దొంగను" అని అరిపించారు. ఊళ్లో నూటారు గడపలు. మాది చివరిది. అక్కడికొచ్చేసరికి ఆయన గొంతు పోయింది.

"అరవ్వేం? ఇదీ గడపేగా" అన్నాడు డప్పువాడు.

ఆయన నా ముఖం చూసి చెప్పాడు. నేను ఆయన ముఖం చూడలేక చేపను చూశాను. గుడ్లు నిండిన ఆడది. మూరకు నాలుగు వేళ్లు తక్కువ. పుస్తకంలో ఎక్కించాను.

4. ఆనాటి నుంచి ఆయన చర్చికి రాడు, ఒడ్డుకు పోడు. వంటింట్లో గోడ వైపు తిరిగి కూర్చుంటాడు. బాపా యోపీకి శిక్ష పడాలని ఎనిమిది నెలలు ఉపవాసముండి ప్రార్థించాను. దేవుడు అతన్ని ఇంకా లావు చేశాడు. ఆపైన తమరు ఫలకమిచ్చారు. దాన్ని అతను చర్చి వాకిట్లో తగిలించాడు.

"క్షమించమ్మా దోర్సీ" అన్నారు మా పాదిరిగారు.

"క్షమిస్తానయ్యగారూ. ముందు అతన్ని నడవనివ్వండి" అన్నాను.

5. సాక్ష్యం ఏదని తమరు అడగవచ్చు. ఫలకం మీద ఆశతో అతనే ప్రతి చేపనూ నా దగ్గరికి తెచ్చి కొలిపించాడు. ససి లేని దూరపు దిబ్బలో పట్టానన్నాడు. "ఒక్కటీ వదలొద్దు దోర్సీ, అన్నీ ఎక్కించు" అన్నాడు. వదల్లేదు. ససి రోజుల్లో అతను తెచ్చినవి నలభై ఏడు, అన్నీ పండిన గుడ్లతో ఉన్నవే. ఆ రోజుల్లో అలాంటి చేప దిబ్బ నోట్లో తప్ప మరెక్కడా దొరకదని తమ శిక్షణ పుస్తకంలోనే ఉంది. ప్రతి చేప పక్కనా అతని సంతకముంది. నకలు జతపరిచాను. ఒక్క చేపకు మా ఆయన నూటారు గడపలు నడిచాడు. నలభై ఏడింటికి ఎన్ని గడపలో నేను లెక్క వేయను. ఒక్కసారి నడిస్తే చాలు, మా గడప చివర రావాలి.

కావున తమరు ఈ మనవిని అమావాస్య దాటనీయక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
దోర్సీ సహునా

తా.క.: అసలు పుస్తకం నా దగ్గరే ఉంది. తమ నుంచి కబురు రాకపోతే ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి మొదటి చేప నుంచి చదువుతాను. నా గొంతు చిన్నది. మా చర్చీ చిన్నదే.

ఫలకం కింద తమరి సంతకం కూడా ఉంది గనుక అతను నడిచే రోజు తమరూ వెంట నడవాలి. మా ఆయన తలుపు తీస్తాడో లేదో తెలియదు. తీసేవరకు డప్పు ఆపనివ్వకండి.