రణపాల ఆకు పులుపు

మద్రాసు, 6-8-1962

అమ్మా, నేను కులాసా. భయపడకు, ఉద్యోగం పోలేదు. రణపాల ఆకులో రాత్రి చేరే పులుపు పగటి ఎండలో ఆ మొక్కకు ఎట్లా ఆహారమవుతుందో మా ప్రొఫెసరమ్మ పన్నెండేళ్లుగా పరిశోధిస్తున్నారు. పోయిన సోమవారం నేను మొద్దునిద్రపోయి, తెల్లవారుజామున కోయాల్సిన ఆకులు మధ్యాహ్నం కోసి ఆవిడ బల్ల మీద పెట్టాను. ఒక ముక్క నమిలి, "ఇది పొద్దుటి ఆకు కాదే!" అన్నారు. "మందుకు కోసిన ఆకు ఏ పూటదో మా అమ్మ గూడా ఇట్లనే కనిపెడతాదండీ" అనేశాను. ఆవిడ కోపం మరిచి, నన్ను కూర్చోబెట్టి, నువ్వు చెప్పేవన్నీ రాసుకున్నారు.

మన బావికాడి ఆకులు నాలుగు జయరామయ్య మామతో పంపు. అల్లూరు ఉప్పుగాలికి పెరిగిన ఆకు రుచి చూడాలంట. ఎర్రావు ఈనిందా? నాన్న దగ్గెట్లుంది?

ప్రొఫెసరమ్మ నీకు నమస్కారాలు రాయమన్నారు. నన్ను మాత్రం నాలుగింటికే లేవమన్నారు.

నీ చెంచులక్ష్మి