మూతిలో గుండుసూదులు

మార్చి 4
డాక్టరమ్మ నా వైపు చూడదు. రాత్రి పడుకుంటున్నారా, విసిగిస్తున్నారా, అన్నీ మా ఆవిణ్ణే అడుగుతుంది. డెబ్బై ఒకటో ఏట చంకనెక్కిన చంటిపిల్లాణ్ణి. రోత.

చివరికి చూసింది, అదీ నా మూతిని. పెదాలు ఊరికే కదులుతున్నాయట. నేను మింగే హాలోపెరిడాల్ మాత్ర వల్లేనట, పెద్దవయసులో ఈ బెడద ఎక్కువట, మందు మార్చేద్దామంది.

నవ్వొచ్చింది. నలభై ఏళ్లు టైలర్ని. గుండుసూదులు పెదాల మధ్య పట్టుకునే కొలతలు తీసేవాణ్ణి, మూతి మూలనుంచి కబుర్లు చెప్పేవాణ్ణి. ఒకసారి పెళ్లికొడుకు సూటు ట్రయల్‌లో తుమ్మొచ్చి... సరే, అది వేరే కథ. సూదులు పోయినా మూతి అలవాటు పోలేదు తల్లీ అన్నాను. ఆయన ఎప్పట్నుంచి ఇలా అంటున్నారమ్మా అని మా ఆవిణ్ణి అడిగింది!

మార్చి 5
ఆ మాత్రని వదలను. నా బుర్ర లోపల ఒకాయన ఉండేవాడు, నా ప్రతి కుట్టునీ వెక్కిరిస్తూ. షాపు మూయించింది ఆయనే. ఆయన నోరు మూయించింది హాలోపెరిడాల్. బదులుగా చెయ్యి వణికించింది, సూదిలో దారం ఎక్కదు. మధ్యలో రిస్పెరిడోన్ అని ఇంకో మాత్ర ఇస్తే కళ్లు తిరిగి బాత్రూంలో పడ్డాను. ఇప్పుడు ఒలాంజపిన్ అట. వణుకు తక్కువ, ఒళ్లూ నిద్రా ఎక్కువ. ఏది మంచిదంటే మనిషిని బట్టి అంటారు. ఆ మనిషిని మాత్రం అడగరు.

మార్చి 9
అంత అలవాటే అయితే సూదులు పెట్టుకుని చూపించండి మరి, అంది మా ఆవిడ.

మార్చి 9, సాయంత్రం
అద్దం ముందు మూడు పెట్టుకున్నాను. అలవాటున్న మూతి సూదిని కదలనివ్వదు. నాది నములుతోంది. ఒకటి సింకులో, ఒకటి చొక్కా మీద, మూడోది పెదవిలో. రక్తం, చొంగ. నా మూతి చూస్తే నాకే అసహ్యమేసింది. డాక్టరమ్మ మాట నిజమైనందుకు ఇంకా అసహ్యం. మా ఆవిడ దూది తెచ్చి, మింగలేదు కదా అంది. అంతే.

మార్చి 11
డాక్టరమ్మ ముందు కుర్చీ నేనే ముందుకు లాక్కున్నాను. లోపలాయన తిరిగొస్తే అని అడిగాను. రావచ్చు, వస్తే దాచొద్దు సార్, అని నాతోనే చెప్పింది. మూతి ఆగడానికి నెలలు పట్టొచ్చు, ఆగకపోనూవచ్చునట. ఇదేం బేరం! ఏది దక్కించుకోవాలి, చెయ్యా, నడుమా, బుర్రా?
చెయ్యి అన్నాను. ఒలాంజపిన్ రాసింది.

ఏప్రిల్ 20
బొజ్జ. పట్టపగలు కుర్చీలో గురక. ప్యాంటు బొత్తాం పట్టదు. ఛీ.

మే 2
దారం మొదటిసారికే ఎక్కింది. ప్యాంటు నడుము నేనే వదులు చేసుకున్నాను.
కుట్టు వంకరపోయిందన్నాడు లోపలాయన.
చూశాను. వంకరే.
డాక్టరమ్మకి చెప్పలేదు.