హార్మోనియం ఎక్కిన పడవ

భద్రాచలం

నా ప్రాణమైన ఇన్నమ్మత్తకు, మహిమ వందనాలు.

ఫోన్ చేస్తే ఎప్పుడూ జకర్యా మామయ్యే ఎత్తుతాడు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. వారం నుంచి నాకు కుదురు లేదత్తా. బడిలో పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోతున్నాను. సాయంత్రమైతే కరకట్ట మీద అటూ ఇటూ తిరుగుతున్నాను. పెళ్లి సంబంధం ఏమైనా వచ్చిందా అని మా తోటి టీచర్ పద్మప్రియ ఏడిపిస్తోంది.

మొన్న నేను బోనకల్ వచ్చినప్పుడు గారెల పిండి రుబ్బుతూ ఒక సంగతి చెప్పావు, గుర్తుందా? మీరు ఇక్కడున్నప్పుడు గోదావరి వరద డాబా దాకా వచ్చింది. పడవలో ఒక్క మనిషికీ ఒక్క పెట్టెకూ చోటుంటే మామయ్య చర్చి హార్మోనియం పెట్టె పట్టుకుని ఎక్కేశాడు. నిన్ను తర్వాతి పడవలో రమ్మన్నాడు. ఇప్పటికీ ఏటా చర్చిలో లేచి సాక్ష్యం చెబుతాడు, దేవుడు మందిరపు హార్మోనియాన్నీ నా భార్యనూ కాపాడాడని. సంఘమంతా స్తోత్రం అంటుంది, నువ్వూ అంటావు. "మొదలు పెట్టె, ఎన్క నేను. సాక్ష్యంల గూడ గదే వరుస" అని నవ్వావు. నాకు ఆ నవ్వు చూసి ఏడుపొచ్చింది.

దాన్ని కవితగా రాశాను, నువ్వే చెబుతున్నట్టు. ఖమ్మం పత్రికవాళ్లు వేస్తామన్నారు. ఆ సంతోషం ఒక పూట కూడా నిలవలేదు. చనువుగా చెప్పిన మాటను బజారున పెడుతున్నానా అని ఒకటే గుబులు. హార్మోనియాన్ని కుట్టుమిషను చేసి చూశాను, నిన్ను ఎవరో ఎదురింటామెను చేశాను. ఉప్పు లేని పప్పులా తయారైంది. ఉన్నదున్నట్టు వేస్తే మన సంఘంలో ఎవరైనా ఇట్టే పోల్చుకుంటారు. మామయ్య తలెత్తుకోగలడా? ఆ కోపమంతా నీ మీదే కదా చూపిస్తాడు?

అందుకే పత్రికవాళ్లకు వద్దని చెప్పేస్తున్నాను. కానీ నీకు చూపించకుండా చింపడానికి చెయ్యి రాలేదు. వెనక పేజీలో ఉంది. చదివి పొయ్యిలో పెట్టెయ్యి. మామయ్య కంట మాత్రం పడనియ్యకు.

నీ మేనకోడలు
మహిమ

---

బోనకల్

మా బంగారు తల్లి మహిమకు, మీ అత్త దీవెనలు.

చేతిరాత చూసి గుండె జారిందా? అవును, మీ మామయ్యదే. నాకు కంటి ఆపరేషన్ అయింది. కంగారు పడతావని చెప్పలేదు. ఇంకా అక్షరాలు ఆనడం లేదు. నీ ఉత్తరం రాగానే ఆయన్నే చదవమన్నాను. మందిరంలో వాక్యం చదివినట్టు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. కంట పడనియ్యకు అన్నది నువ్వు చివర్లో రాశావు, పిచ్చిపిల్లా.

సగంలో కాగితం మడిచాడు. "సదువు" అన్నాను. కవిత కూడా చదివాడు. చదివి ఇంతెత్తున లేచాడు. ఇంటి గుట్టు పత్రికలకెక్కిస్తారా అన్నాడు, రెండో పడవ వెంటనే వచ్చిందిగా అన్నాడు.

"వచ్చింది. గది వస్తదని డాబా మీద నిలబడ్డ నాకెవలు చెప్పిన్రు?" అన్నాను.

ఇన్నేళ్లలో ఆయన్ని ఆ మాట అడగడం అదే మొదలు. మళ్లీ చదవమన్నాను. ఈసారి మెల్లగా చదివాడు. 'నన్ను డాబా మీద వదిలి' అన్నచోట ఆగి, ఆ మాటే మళ్లీ చదివాడు. ఆయన నోట 'నన్ను' అని వింటుంటే, ఆనాడు అక్కడ నిలబడింది తనే అన్నట్టుంది. అప్పటి నుంచి ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోతున్నాడు. హార్మోనియం మూత తీస్తాడు, మళ్లీ మూసేస్తాడు. ఈ ఉత్తరం కూడా రాయనన్నాడు. రాయమన్నాను, రాస్తున్నాడు.

నువ్వు కవిత ఆపకు. నా సంగతి నాది, నేనే ఇస్తున్నాను. కుట్టుమిషను గిట్టుమిషను పెట్టావంటే ఊరుకోను. తలెత్తుకోలేడని నీ భయం, కొన్నాళ్లు దించుకోనియ్. పత్రిక రాగానే పంపు. అప్పటికి నాకు చూపు వస్తుందట. అయినా ఆయనతోనే చదివించుకుంటాను.

నీ అత్త
ఇన్నమ్మ

చెప్పింది చెప్పినట్టు రాసినవాడు
జకర్యా