జోయల్‌కు తెలియని పేరు

దిల్‌సుఖ్‌నగర్‌లో ‘తూర్పు కబురు’ వారపత్రికకు సంపాదకురాలిని, ప్రచురణకర్తను అయిన పోలిశెట్టి అమ్మాజీ అనే నేను, అరవై రెండేళ్ళ వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. నిర్భయంగా అని కూడా రాయమన్నాడు వకీలు. అది రాయను. భయంగానే ఉంది.

నాగోల్ దగ్గర మూసీ ఒడ్డున కట్టిన వరద గోడ పెద్ద వానకు నిలవదని ఒక ప్రభుత్వ శాఖ లోలోపల రాసుకున్న రహస్య నివేదిక మా చేతికొచ్చింది. పోయిన నెల సగం అచ్చువేశాం. అధికార రహస్యాల చట్టం కింద కేసు పెట్టారు. అప్పటి నుంచి నంబరు ప్లేటు లేని తెల్ల బొలెరో ఒకటి మా ఆఫీసు ఎదురుగా ఆగి ఉంటోంది. అందులోంచి దిగినవాళ్ళు, "గా కాగితాలు ఎవరిచ్చిండ్రో జెప్తే మీకేం పరేషాన్ ఉండదమ్మా" అని మర్యాదగానే అడిగారు. ఆ మర్యాదే నాకు నచ్చలేదు.

1. కర్మన్‌ఘాట్‌లోని ఫ్లాటు, నా బంగారం నా కూతురు స్వప్నకు చెందాలి. అమ్మా, నివేదిక రెండో సగం వేయొద్దని ఏడ్చావు. వచ్చే సంచికలో వేస్తున్నాను. ఆ గోడ పక్కన పిల్లలను పెట్టుకుని పడుకునేవాళ్ళున్నారు. నన్ను తిట్టుకో, ఫ్లాటు మాత్రం అమ్ముకోకు.

2. పత్రిక కూడా స్వప్నదే. ఇష్టం లేకపోతే మూసేయ్. నడిపితే చివరి పేజీ అడుగున ప్రచురణకర్తగా నీ పేరు పడుతుంది, కేసులు ఆ పేరు మీదికే వస్తాయి. తెలిసే నడుపు.

3. మా మరిది, వకీలు రామమోహనరావు ఈ వీలునామాను అమలు జరపాలి. "వదినా, ఆ చట్టం రహస్యమన్న ముద్ర చూస్తుంది గానీ జనానికి మేలా కీడా అని చూడదండీ" అన్నాడు. చూడాలని కోర్టులో వాదించమంటే తలనొప్పి అన్నాడు. మీ అన్నయ్య పోయిన రోజున కూడా నీకు తలనొప్పే. సాక్షివి కనుక నీకూ ఏమీ రాయకూడదు, ఆయన చేతిగడియారం ఇవాళే నీ చేతికి ఇచ్చేశాను. పోగొట్టుకోకు.

4. పేజీలు పెట్టే కొమరయ్యకు ఆఫీసు కంప్యూటరు. ఆ వార్తకు ఎవరి పేరూ వేయొద్దని చెప్పాను. మా పత్రికలో పెద్ద వార్త తెచ్చినవాడికి ఫొటో వేయడం గౌరవం. "పిలగాడు గింత కష్టపడ్డడు, ఫొటో లేకుంటె ఎట్ల మేడం" అంటూ విలేకరి జోయల్ ఫొటో మొదటి పేజీలో పెట్టేశాడు. ప్రేమతో చేసిన పని, తిట్టలేకపోయాను. బొలెరోలోని వాళ్ళకు జోయల్ ముఖం అలా తెలిసింది.

5. జోయల్ కూడా సాక్షి సంతకం చేస్తాడు కనుక అతనికీ ఏమీ రాయకూడదట. నా స్కూటీని అతని తల్లి ఎల్లమ్మకు రాస్తున్నాను. ఆమెకు నడపడం రాదు. ఎవరు నడుపుతారో అందరికీ తెలుసు.

6. నివేదిక ఇచ్చిన మనిషి పేరు నా ఆస్తి కాదు. దాన్ని ఎవరికీ రాయడం లేదు. జోయల్‌కు ఆ కాగితాలు నేనే ఇచ్చాను, పేరు చెప్పలేదు. అతన్ని ఎంత అడిగినా తెలియనిది చెప్పలేడు. అడిగేవాళ్ళు ఈ మాట చదవాలనే ముఖ్యంగా ఈ వీలునామా రాశాను, వచ్చే సంచికలో దీన్ని కూడా వేస్తాను. అడగాలంటే నన్ను అడగండి.

దిల్‌సుఖ్‌నగర్, 12 ఆగస్టు 2025.
(సంతకం) పోలిశెట్టి అమ్మాజీ

సాక్షులు:
1. (సంతకం) రామమోహనరావు, వకీలు
2. జోయల్, విలేకరి. "ఒస్తున్న మేడం, పెన్ను తీసి పెట్టుండ్రి" అని పొద్దున ఎల్.బి. నగర్ నుంచి ఫోన్ చేశాడు. మధ్యాహ్నం దాటింది. ఫోన్ కలవడం లేదు. సంతకానికి చోటు వదిలాను. ఈ రోజు బొలెరో కూడా ఎదురుగా లేదు.