ఖాళీ అని చూపించిన జాగా

అన్నా,

నీ రిపేరు షాపు ఖాళీ చేస్తున్నాం. నీ కంప్యూటర్ రేపు కాప్రాలోని ఒక బడికి పోతుంది. డిలీట్ కొడితే ఫైలు పేరే పోతుంది, సరుకు డిస్కులోనే ఉంటుందనేవాడివి. ఖాళీ జాగాను సున్నాలతో నింపి తుడవకుండా ఏ మిషన్నూ గడప దాటనిచ్చేవాడివి కాదు. నేనూ తుడవబోతుంటే వదిన ఆపింది.

"జెర ఆగు. ఆయనవి ఏమన్న ఉన్నయేమో సూడు."

పోయిన ఫైళ్లను వెనక్కి తెచ్చే రికవరీ నడిపాను. ఫోటోలేవీ రాలేదు. రిపేరు చేసిన మైకులు పలుకుతున్నాయో లేదో చూసుకుని నువ్వు చెరిపేసిన రికార్డింగులు వచ్చాయి. అన్నింటిలో ఒకటే మాట: "హలో, ఇనబడుతుందా?"

తుడవడం ఇంకా మొదలుపెట్టలేదన్నా. వదిన స్పీకరు దగ్గరికి వంగి, "ఇనబడుతుంది, చెప్పు" అంటోంది.