ఏటిమొగపాలెం ఎదుట పవన క్షేత్రం

నెల్లూరు, ఆగస్టు 4

ఏటిమొగపాలెం ఊరిపెద్ద కామాక్షయ్య గారికి డెబోరా నమస్కారాలు.

మీ ఊరికి ఎదురుగా, సముద్రం లోపల ఒక పవన క్షేత్రం నెలకొల్పాలని ఆలోచన జరుగుతోంది. దానివల్ల మీ ఆదాయం, ఉపాధి, ఆడవారి పనులు ఎలా మారతాయో అంచనా వేసే బాధ్యత మా సర్వే సంస్థకు అప్పగించారు. క్షేత్రం వస్తే కలిగే లాభనష్టాలు దయచేసి వివరంగా రాయండి. ప్రశ్నాపత్రం జతచేశాను.

ఇట్లు,
డెబోరా, సర్వే అధికారిణి

తా.క. ప్రశ్నాపత్రాన్ని హైదరాబాదులో తెలుగు చేశారు. కొన్ని మాటలు నాకూ కొత్తే.

*

ఏటిమొగపాలెం, ఆగస్టు 11

డెబోరా మేడమ్ గారికి కామాక్షయ్య రాయడం ఏమంటే,

మీ ఉత్తరం కమిటీ హాల్లో అందరికీ చదివి వినిపించినాను. నడిసముద్రంలో క్షేత్రం కడతారని మేము కలలో కూడా అనుకోలేదు. ఏ దేవుడో మీరు రాయలేదు. పవన క్షేత్రం అన్నారు కాబట్టి ఆంజనేయస్వామే అయి ఉంటాడని తేల్చినాము.

లాభాలు: యాత్రికులను మా పడవల్లో తీసుకుపోతాము. గంగులయ్య అప్పుడే తన పడవకు సింధూరం రంగు పూసినాడు. ఆడవాళ్లు వడమాలలు అమ్ముతారు.

నష్టాలు: అలవాటు లేనివాళ్లు స్వామిని చూడకముందే వాంతులు చేసుకుంటారు. శనివారం చేపలు అమ్మకూడదని ఆంక్ష పెడతారేమో కనుక్కోమని నా భార్య పేరమ్మ అంటోంది. ఆమె ముప్పై ఏళ్లుగా చేపలమ్ముతున్న మనిషి.

తమ విధేయుడు,
కామాక్షయ్య

తా.క. తలనీలాలు ఎక్కడ తీస్తారు? పడవ ఊగుతుంటే కత్తి పట్టడం తన వల్ల కాదని క్షవరం చేసే పెంచలకృష్ణ ఇప్పుడే చెప్పేసినాడు.

*

నెల్లూరు, ఆగస్టు 18

కామాక్షయ్య గారికి,

మీ జాబు చదివి నిర్ఘాంతపోయాను. అది గుడి కాదండీ. గాలితో కరెంటు తీసే మరలు. సముద్రం అడుగున తొంభై స్తంభాలు పాతుతారు. ఒక్కోదానిపై మూడు రెక్కలు తిరుగుతుంటాయి. ఒక్కో స్తంభం చుట్టూ అరకిలోమీటరు మేర వల వేయకూడదు. ఈ సంగతి ప్రశ్నాపత్రం పదిహేడో పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. మొదటి పేజీలో ఉండవలసింది. క్షమించండి.

ఇట్లు,
డెబోరా

తా.క. మీ ఉత్తరం చూసి మా డైరెక్టర్ విజయభాస్కర్ గారు రిపోర్టులో ‘పర్యాటక ఆదాయం: అత్యధికం’ అని ఎక్కించేశారు. తీయించడానికి తంటాలు పడుతున్నాను.

*

ఏటిమొగపాలెం, ఆగస్టు 25

డెబోరా మేడమ్ గారికి,

గుడి కాదన్నందుకు దిగులు లేదు. వల వేయకూడదన్న దగ్గర మాత్రం ఉత్తరం పక్కవాళ్ల చేతికి ఇచ్చేసినాను. మిగతాది వేరేవాళ్లు చదివినారు. మీ ప్రశ్నాపత్రంలో ఉన్న పటంలో ఆ చోటును ‘ఖాళీ ప్రాంతం’ అని చూపించినారు. మా ఊళ్లో నూట నలభై ఇళ్లల్లో పొయ్యి వెలిగేది ఆ ఖాళీ వల్లనే. మంచి ధర పలికే వంజరం చేపలు అక్కడే పడతాయి.

“సముద్రానికి కంచె వేస్తారా అన్నా?” అని గంగులయ్య అడిగినాడు. పేరమ్మ ఒక్కతే నిదానంగా ఉంది. “ఆ పాపను రమ్మని రాయి. నీళ్లు చూడకుండా ఏం రాస్తాదయ్యా?” అన్నది.

గురువారం పొద్దున ఆరింటికి రండి. పడవ సిద్ధంగా ఉంటుంది.

మీ రాక కోసం చూస్తూ,
కామాక్షయ్య

తా.క. ఏమీ తినకుండా రండి.

*

నెల్లూరు, సెప్టెంబరు 9

కామాక్షయ్య గారికి,

ఇడ్లీలు తిని వచ్చాను, నాదే తప్పు. రెండు రోజులు మంచం దిగలేదు.

పేరమ్మ గారు కూడా పడవెక్కడం అదే మొదటిసారని గంగులయ్య గారు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఒక చేత్తో నా తల పట్టుకుని, రెండో చేత్తో నీళ్లను చూపిస్తూ ఏ నెలలో ఏ చేప ఏ లోతులో పడుతుందో ఆమె చెబుతూనే ఉన్నారు. ఎలా తెలుసని అడిగాను. “తట్టలోకొచ్చిన ప్రతి చేపనీ యాడ పడిందని అడిగినాను తల్లీ. ముప్పై ఏళ్లు” అన్నారు.

ఆమె చెప్పింది చెప్పినట్టు మ్యాపు గీసి, రిపోర్టులో పెట్టి నేరుగా ప్రభుత్వానికి పంపించాను. పర్యాటక ఆదాయం కొట్టేశాను. మర్నాడే విజయభాస్కర్ గారు నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు.

సెలవు,
డెబోరా

తా.క. దిగులుపడకండి. రిపోర్టు వెనక్కి తెప్పించుకోవడం ఇక ఆయన వల్ల కాదు.

*

ఏటిమొగపాలెం, అక్టోబరు 20

డెబోరా తల్లికి కామాక్షయ్య దీవించి రాయునది,

నిన్న ప్రజాభిప్రాయ సభ జరిగింది. మీ మ్యాపు తెర మీద వేసి, ఇది ఎవరు చెప్పినారని పెద్ద అధికారి అడిగినారు. విజయభాస్కర్ గారు కాగితాలు తిరగేయడం మొదలుపెట్టినారు. పేరమ్మ లేచి “నేనే సార్” అన్నది. గంటసేపు ప్రశ్నలు వేసినారు. ఒక్కదానికీ తడుముకోలేదు. ఇన్నేళ్లు కాపురం చేసిన నేనే నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను.

వంజరాల చోటు నుంచి ముప్పై నాలుగు స్తంభాలు జరపాలని రాసుకున్నారు. మిగతావి ఏడాది పాటు చేపల సర్వే అయినాక తేలుస్తారట. ఆ సర్వేకు పేరమ్మను నిపుణురాలిగా నియమించినారు. కాగితం చేతికి వచ్చింది, నాలుగుసార్లు చదివినాను. రాసుకోవడానికి ఒక సహాయకురాలు కావాలి, ఎవరు కావాలని అడిగితే మీ పేరు చెప్పింది. సోమవారం నుంచి మీరు మా ఆవిడ కింద పని చేయాలి.

ఇట్లు, ఇంకా తేరుకోని
కామాక్షయ్య

తా.క. నన్ను కూడా తీసుకోమని అడిగినాను. దరఖాస్తు పెట్టుకోమన్నది.