మోరాగ్ గారి పుట్టిల్లు

ఆదివారం రాత్రి, ఫ్రీమాంట్

పక్కింటి మోరాగ్ గారికి ఈరోజు ఆవిడ పుట్టిన ఇల్లు చూపించాను. స్కాట్లాండ్‌కి దూరంగా సముద్రంలో ఉన్న చిన్న దీవిలో రాతి ఇల్లు అది. గడ్డి కప్పు గాలికి లేచిపోకుండా తాళ్లు బిగించి, వాటి చివర రాళ్లు వేలాడదీసేవాళ్లట. ఇక ప్రయాణాలు వద్దని డాక్టర్ చెప్పాక, ఆవిడ మేనల్లుడు అక్కడికి వెళ్లి నా ఫోన్‌కి వీడియో కాల్ చేశాడు.

కప్పు కూలిపోయిందని అతను నాకు ముందే మెసేజ్ పెట్టాడు. "చూపించకు సుధా, తట్టుకోలేదావిడ," అన్నారు మా ఆయన. కానీ మోరాగ్ గారు పొద్దుటి నుంచి మంచి స్వెటర్ వేసుకుని ఎదురుచూస్తున్నారు. వద్దని ఎలా చెప్పను?

గోడల మధ్య మోకాలెత్తు గడ్డి. "పొయ్యి ఎక్కడ?" అని అడిగారు ఆవిడ. అతను బూటుతో గడ్డి పక్కకు తోశాడు. మసిబారిన రాయి కనిపించింది.

"దాని మీద కాలు పెట్టకు నాయనా," అన్నారు.

కాసేపటికి ఆవిడ అన్నయ్య ఫోన్ చేస్తే, ఆవిడ స్పీకర్‌లో పెట్టారు. ఆయనకిప్పుడు చూపు లేదు, కేర్ హోమ్‌లో ఉంటున్నారు. ఆ ఇంట్లో పుట్టినవాళ్లలో వీళ్లిద్దరే మిగిలారు.

"చూశావా? కప్పు ఎలా ఉంది?"

"కొత్త గడ్డి వేశారు అన్నయ్యా. లోపల పొయ్యి కూడా వెలుగుతోంది."

ఆయన సంతోషంగా నవ్వడం నాకు వినిపించింది.

నేను చూపించకుండా అదే మాట చెప్పి ఉంటే, ఆవిడ కూడా నమ్మి ఉండేవారేమో.